జంట తుమ్ముల కారు

ఆ రోజుల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనడమంటే పెళ్ళిచూపుల కంటే పెద్ద తతంగం. ఫోన్లో బొమ్మ చూసి, వేలితో రంగు మార్చి, ఇంటికి తెప్పించుకునే ఇప్పటి పిల్లలకి అది చెప్పినా తెలియదు. మనం ముందు ఒక కారుని చూసి మనసు పారేసుకోవాలి. తరవాత ఇంట్లోవాళ్ళు ఆ మనసుని వెతికి తెచ్చి, దుమ్ము దులిపి, మళ్ళీ మన జేబులో పెట్టి, "ఇంక పనికొచ్చే బండి సూడు" అనాలి. నాకూ అలాగే జరిగింది. కాకపోతే మా ఇంట్లో ఆ పని ఒక తుమ్ము చేసింది. అది కూడా ఎవరూ తుమ్మని తుమ్ము.

మాది మార్కండి, ఒడిశా తీరంలో బరంపురం దగ్గరి తెలుగు జాలరి పల్లె. అమ్మ పొద్దున్నే చేపల గంపతో బస్సెక్కి బరంపురం వెళ్ళి, బజారులో నేలమీద గోనె పరుచుకుని అమ్ముకునేది. నేను గుజరాత్ రేవుల్లో ఐసు యంత్రాల పని నేర్చుకుని తిరిగొచ్చి బరంపురంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్‌గా కుదిరాను. మీసం కొత్త, చలవ కళ్ళజోడు కొత్త, గర్వం మాత్రం గుజరాత్ నుంచే పట్టుకొచ్చాను. అమ్మ దాచుకున్నదీ నేను దాచుకున్నదీ కలిపి ఒక పాత కారు కొందామని ఇద్దరం అనుకున్నాం. ఏ కారు అన్న దగ్గరే పేచీ వచ్చింది.

మా ఫ్యాక్టరీ షావుకారు బావమరిదికి ఒక ఎర్ర కారు ఉండేది. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నంత పొట్టి, డిక్కీ నిండా పాటల పెట్టె. దాన్ని 'కూపే' అంటారని మంగలి షాపులో పాత పత్రిక తిరగేసి తెలుసుకున్నాను. రెండోది ఛత్రపురంలో రిటైరైన హెడ్మాస్టరు గారిది, ఒకప్పుడు తెల్లగా ఉండేదని ఆయన చెప్పగా మేము నమ్మిన కారు. దాని వెనక భాగమంతా గాదె మూతలా పైకి లేస్తుంది. దాని పేరు 'హాచ్‌బ్యాక్' అని కూడా ఆ పత్రికే చెప్పింది. (ఆ పత్రిక నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు, చదవండి.)

అమ్మ ఓటు తెల్ల కారుకే. దానికి కారణం మా బస్సు కండక్టరు. చేపల గంప కనబడగానే ముక్కు మూసుకునేవాడు గనక అతన్ని మేమంతా ముక్కు కండక్టరనే అనేవాళ్ళం. అందరూ ఎక్కేదాకా అమ్మని ఆపి, "మాఛొ పొఛొరె" అనేవాడు. చేపలు వెనక్కి అని ఒడియాలో. ఏళ్ళ తరబడి రోజూ ఆ మాట పడీ పడీ, వెనకాల తలుపున్న కారు కనబడేసరికి అమ్మ ప్రాణం లేచొచ్చింది. "గంపలు ఎనకాల ఎట్టుకుంటాను, నాను ముందు కూకుంటాను. నన్ను ఎనక్కి ఎల్లమనేవోడు ఉండడు" అంది. ఎర్ర కారు సంగతి ఎత్తితే మాత్రం, "రెండు తలుపులేనా? మిగతా రెండూ ఏటి సేసినారు, అమ్మేసుకున్నారా?" అని అడిగింది. నేను తగ్గలేదు. ఆ తెల్ల బండి తుమ్మితే ఊడిపోయే ముక్కు అన్నాను. తుమ్ము మాట నా నోటినుంచే ముందు వచ్చింది పాపం, నాకేం తెలుసు.

ఇక మా మామ్మ. మా నాన్న తల్లి. చెవులు సగం పనిచేసేవి, శకునాలు పూర్తిగా పనిచేసేవి. సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళున్న ఇంట్లో తుమ్ముకి ఉన్న అధికారం కలెక్టరుకి ఉండదు. గడప దాటేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే ఎంతటివాడైనా వెనక్కొచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, కాసేపాగి వెళ్ళాల్సిందే. జంట తుమ్మయితే పరవాలేదు, శుభం. ఆ వారమంతా నేను అమ్మతో వాదిస్తూ 'హాచ్‌బ్యాక్' అన్నప్పుడల్లా మామ్మ మంచం మీదనుంచి "సిరంజీవ" అనేది. ఒక రోజయితే అన్నం తింటూ గట్టిగా వాదించాను. మామ్మ వరసగా దీవించి దీవించి చివరికి, "గుంటడికి జలుబు సేసినట్టుంది, మిరియాల సారెట్టే" అంది. అమ్మ నిజంగానే పెట్టింది. తాగాను కూడా.

ఇలా ఉండగా బరంపురంలో కొత్తగా భోజన హోటలు తెరిచిన ఒక ఒడియా పెద్దమనిషి అమ్మని పిలిచి, "రేపు పొద్దున పొయ్యి వెలిగించేలోగా మంచి కోనాం తీసుకురామ్మా. నచ్చితే రోజూ నీ దగ్గరే వాడుక. రాకపోతే గోపాలపురం వాళ్ళకి చెప్పేస్తాను" అన్నాడు. కోనాం అంటే మీరు వంజరం అంటారే, ఆ చేపే. హోటలు వాడుకంటే ఇక బజారులో నేలమీద కూర్చోనక్కర్లేదు, బేరాలు ఆడక్కర్లేదు. అమ్మ ఆ రాత్రి పడుకుందో లేదో నాకు తెలియదు గానీ, నేను మాత్రం హాయిగా పడుకున్నాను. ఎందుకంటే ఆ సాయంత్రమే షావుకారు బావమరిది ఎర్ర కారు తాళాలు నా చేతిలో పెట్టి, "ఒక రోజు తిప్పి చూసుకో, రేపు సాయంత్రం మాట చెప్పు" అన్నాడు. కారు మా గుమ్మం ముందు నిలబడి ఉంది. వీధిలో కోళ్ళు కూడా దాన్ని చుట్టి నడుస్తున్నాయి.

తెల్లారింది. రేవులో అమ్మ ఏరి తెచ్చిన కోనాం, ఐసు కప్పుకుని గంపలో పడుకుంది. తోక గంప బయటే. రోడ్డు మలుపులో బస్సు హారను కొడుతోంది. నా కారులో రమ్మంటే అమ్మ వినలేదు, ఆ బొమ్మ కారుని నమ్ముకుని వాడుక పోగొట్టుకోను అంది. నాకు రోషం వచ్చింది. అమ్మ గడప మీద కాలు పెడుతుండగా, బస్సు హారను మించి వినబడాలని గొంతు పెంచి, "అయితే నీకు ఆ హాచ్‌బ్యాకే కావాలా?" అన్నాను.

"ఆగండి" అంది మామ్మ, చేతికర్ర గుమ్మానికి అడ్డంగా పెట్టి. "ఒంటి తుమ్ము."

"తుమ్ము కాదే మామ్మా. కారు పేరు."

"కారుకి తుమ్ము పేరు ఎవుడెడతాడ్రా? నన్ను ఎర్రిదాన్ని సెయ్యకు. కూకోండి, నీళ్ళు తాగండి."

అమ్మ నన్నొక చూపు చూసి, కూర్చుంది. అత్తగారి కర్ర దాటే ధైర్యం అమ్మకి లేదు, శకునం దాటే ధైర్యం అసలే లేదు. నీళ్ళు తాగింది. మామ్మ తృప్తిగా "ఇంక ఎల్లండి" అనేసరికి బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు ఎండెక్కాకే. అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గంప వైపు చూస్తూ, "ఎల్లిపోనాది" అంది, అంతే. గుజరాత్ గర్వం ఎటు పోయిందో తెలియదు. తాళాలు తీశాను.

గంప డిక్కీలో పెడదామంటే పాటల పెట్టె. వెనక సీట్లో పెడదామంటే దారి లేదు. చివరికి అమ్మ ముందు సీట్లో కూర్చుంది, అమ్మ ఒళ్ళో గంప కూర్చుంది, కోనాం తోక కిటికీలోంచి బయటికి వచ్చింది. "సూస్తావేటి, తియ్యి బండి" అంది అమ్మ. మొగలి పొదల మధ్య ఆ సన్నరోడ్డు మీద ఎర్ర కారు ఎలా పరిగెత్తిందో ఈ రోజుకీ నా అరచేతులకి గుర్తుంది. అమ్మ కళ్ళు మూసుకుని గంగమ్మ తల్లికి ఏవేవో మొక్కుకుంటోంది. (మేక ఒకటి, చీర ఒకటి నాకు వినబడ్డాయి.) సరుగుడు తోటల దగ్గర బస్సు దొరికింది. మనుషుల్ని ఎక్కించుకోడానికి ఆగి ఉంది. ఫుట్‌బోర్డు మీద ముక్కు కండక్టరు. పక్కకి రాగానే నేను కావాలనే కొంచెం నెమ్మది చేశాను. అమ్మ కళ్ళు తెరిచింది, అతన్ని చూసింది. ఏళ్ళ తరబడి దాచుకున్న మాట కిటికీలోంచి, తోక పక్కనుంచి, ఎంతో మర్యాదగా అందించింది.

"మాఛొ ఆగొరె, బావూ."

చేపలు ముందుకి. బస్సంతా గొల్లుమంది. కండక్టరు ముక్కు మూసుకోవడం మరిచిపోయి నోరు తెరిచాడు. నేను గేరు మార్చాను. అద్దంలో బస్సు చిన్నదై, ఇంకా చిన్నదై, అగ్గిపెట్టంతయింది. అమ్మ నవ్వుతోంది. గంపతో సహా ఊగిపోతూ నవ్వుతోంది. అమ్మ అలా నవ్వడం నేనప్పుడే చూశాను, నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

హోటలు ముందు ఆగేసరికి పొయ్యి ఇంకా వెలగలేదు. పెద్దమనిషి బయటికొచ్చి ముందు కారుని చూశాడు, తరవాత తోకని చూశాడు. "ఆసొ మా, ఆసొ" అని, అంటే రామ్మా రా అంటూ, గంపని ఆయనే దింపాడు. ఆ తరవాత అమ్మని దింపడానికి నేనూ వంటవాడూ కలిసి లాగాల్సి వచ్చింది, అది వేరే సంగతి. పెద్దమనిషి కోనాం మొప్ప ఎత్తి చూసి, "హౌ, హౌ" అన్నాడు, సరే సరే అని. రోజూ వాడుక ఖాయం. పక్క హోటలు తన తమ్ముడిదేనట, దానికి కూడా. రోజుకి మూడు గంపలు.

తిరుగుదారిలో ఊరేగింపు గుర్రంలా నెమ్మదిగా నడిపాను. అమ్మ కారు లోపలంతా చేత్తో నిమిరింది. "బాగుందిరా బండి. గాలిలాగ ఎల్తాది" అంది. ఇక ఎర్ర కారు మనదేననుకున్నాను. అప్పుడు అమ్మ మెల్లిగా, "ఒక్క గంపకే నా నడుం పట్టేసినాది. రేప్పొద్దున మూడు గంపలు ఏటి సేస్తావు? ఒకటి నీ ఒళ్ళో ఎట్టుకుని నడుపుతావా?" అంది. ఆ కారు అంత బాగా పరిగెత్తి మూడు గంపల వాడుక తెచ్చిపెట్టి ఉండకపోతే నాకే దక్కేది. సాయంత్రం చేపల వాసన పోవాలని మొగలి నీళ్ళు చల్లి, తుడిచి తుడిచి తాళాలు తిరిగిచ్చాను. షావుకారు బావమరిది లోపలికి తల పెట్టి వాసన చూసి, "ఏ పెళ్ళికి వెళ్ళావోయ్, భోజనాలు కూడా ఇందులోనే పెట్టారా?" అన్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. పేరు తుమ్ముతో మొదలయ్యే కారుని గుమ్మంలోకి రానివ్వనని మామ్మ భీష్మించుకుంది. అమ్మే ఉపాయం చెప్పింది. నేను వెళ్ళి మామ్మ చెవి దగ్గర నిలబడి, "హాచ్‌బ్యాక్, హాచ్‌బ్యాక్" అన్నాను. మామ్మ మొహం విప్పారింది. "జంట తుమ్ము. శుభం. తెచ్చుకో" అంది.

ఆ తెల్ల కారు ఏళ్ళపాటు రోజూ పొద్దున్నే మా బస్సుని దాటింది. గంపలు వెనకాల, అమ్మ ముందు. బస్సు కనబడితే చాలు, "తియ్యి, తియ్యి" అనేది. కండక్టరు కూడా అలవాటుపడి, మమ్మల్ని చూడగానే తనే "మాఛొ ఆగొరె" అని చెయ్యి ఊపేవాడు.

మొన్న కొత్త కారు కోసం బరంపురంలో షోరూముకి వెళ్ళాను. ఒక మూల ఎర్రగా, పొట్టిగా, రెండు తలుపులతో ఒకటి ఉంది. దాని నెత్తి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. అక్కడి కుర్రాడు వచ్చి, ఎలాంటి కారు కావాలి సార్ అని అడిగాడు. "హాచ్‌బ్యాక్, హాచ్‌బ్యాక్" అన్నాను, అలవాటు ప్రకారం.

"రెండా సార్?" అన్నాడు ఆశగా.

"ఒకటే బాబూ" అన్నాను. "రెండోది మా మామ్మ కోసం."