ఒకటో మగ్గం కోసం ఒక తగిలింపు

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పేదాన్ని. మా సార్ సరదాపడి బెంగళూరు నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెప్పించారు. నెల తిరిగేసరికి ఆయన మోజు తీరిపోయింది, నాకేమో పిచ్చి పట్టింది.

"శనివారం బెంగళూరు లారీకి ఎక్కిస్తా దీన్ని. అంతలోపల అక్కరకొచ్చే పని ఒకటి చేపించి చూపు పాపా, ఉంచుతా," అన్నారు.

దాంట్లో ఉత్తరాలు రాసుకునే ఎడిటర్ ఉండేది. దానికి రాని పనిని మనమే చిన్న ప్రోగ్రాంగా రాసి ఒక మీటకు తగిలించవచ్చని పుస్తకం చివరి పేజీల్లో కనిపెట్టాను. ప్లగిన్ అనే మాట అప్పటికి నా చెవిన పడలేదు, నేను తగిలింపులనేదాన్ని. మొదటిది నాలుగే వరుసలు. మీట నొక్కితే "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్" అని అర్జీ మొదలు దానంతటదే పడింది. ఆనందం పట్టలేక పదకొండు సార్లు నొక్కాను. తెర నిండా దండాలే. ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను.

బుధవారం ఎమ్మిగనూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నూలు పంచడానికి నేతగాళ్ళ జాబితా కావాలన్నాడు, మగ్గం నంబర్ల వరుసలో. ఆయన తెచ్చిన చిత్తులో నంబర్లన్నీ కలగాపులగం. సందు దొరికిందని, నంబర్లను వరుసలో పెట్టే తగిలింపు రాశాను. సార్ సగం, నేను సగం జాబితా ఇంగ్లీషులో కొట్టాం. మీట నొక్కగానే పేర్లన్నీ గబగబా కదిలి సర్దుకున్నాయి. గొప్పగా అచ్చు తీసి పెద్దాయన చేతికిచ్చాను.

"ఒకటో మగ్గం మాది కదమ్మా. మమ్మల్ని చివరికి తోసినారే," అన్నాడాయన.

నిజమే. ఒకటి, పది, పన్నెండు, ఇరవై ఒకటి, ఒకటి అంకె ఉన్నవన్నీ అడుగున గుంపుగా పడున్నాయి. పెద్దాయన శనివారం వస్తానని పోయాడు. సార్ నవ్వారు. "దీనికి ఒకట్లే రావు. ఇంక లారీనే."

గురువారమంతా తల పట్టుకుని కూర్చుంటే అప్పుడు తట్టింది. మా పాత టైపు మిషన్లలో ఒకటికి మీట లేదు. చిన్న ఎల్ అక్షరం కొడితే అదే ఒకటి. సార్ నాకు నేర్పిందీ అదే, నేను పిల్లలకు నేర్పుతున్నదీ అదే. కంప్యూటర్‌కు ఒకటి మీట ఉన్నా మా వేళ్ళు అటు పోనేలేదు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ కంప్యూటర్ లెక్కలో ఎల్ అంకె కాదు, అందుకే అంకెలన్నీ అయ్యాక అడుగుకు తోసేసింది. ఆడలేక మద్దెల ఓడన్నామన్నమాట.

సార్‌కు చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. "అయితే ముప్పై ఏండ్లు నేను తప్పు నేర్పినానా?"

"లేదు సార్. మన అలవాటు దానికి నేర్పిస్తాను," అన్నాను. అన్నాక భయమేసింది.

ఎల్ కనిపిస్తే ఒకటిగా మార్చమని ఇంకో తగిలింపు రాశాను. తొందరలో ఎక్కడ మార్చాలో చెప్పలేదు. పేర్లలోని ఎల్‌లు కూడా ఒకట్లయి కూర్చున్నాయి. "మనుషులకు కూడా నంబర్లేసినావా?" అన్నారు సార్ కాగితం చూసి. ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. మగ్గం నంబర్ల గడిలో మాత్రమే మార్చాలని దిద్ది, రెండు తగిలింపులనూ ఒకే మీటకు కట్టాను.

శనివారం పొద్దున సార్ స్కేలు పెట్టుకుని కొత్త జాబితా అంతా చూశారు. ఒకటో మగ్గం అన్నిటికన్నా పైన ఉంది. ఒక్క తప్పూ దొరకలేదు. నన్ను లేవమని తానే కూర్చుని, జాబితాలో లేని నూట పదకొండో మగ్గానికి తన పేరు కొట్టారు. అలవాటుగా ఉంగరపు వేలు మూడుసార్లూ ఎల్ మీదే పడింది. మీట నొక్కారు. ఆయన పేరు పోయి నూట పదికీ నూట పన్నెండుకూ మధ్యలో కూర్చుంది.

అప్పుడే లారీ అతను గుమ్మంలోకి వచ్చాడు. "సార్, బెంగళూరుకు పోయే మిషన్ యాడుంది?"

సార్ తెర మీంచి కళ్ళు తీయలేదు. "యాడికీ పోదప్పా. నా చెయ్యి దానికి ఇప్పుడే అర్థమైతాంది."