అత్త విత్తిన అనప చేను

మా మేనత్త పోయింది. కే.జీ.కండిగై నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయిందిరా" అని, ఆ వెంటనే "ఈడ ఒకటే వాన" అన్నాడు. వాన సంగతి ఎందుకు చెప్పాడో ఊరు చేరాక గానీ నాకు తెలియలేదు.

అనపకాయల పంట వేసేవాళ్లకు తెలిసే ఉంటుంది. విత్తిన వెంటనే నేలకు కలుపు మందు కొడతారు. ఎండ కాస్తే గడ్డి వరకే చస్తుంది. పెద్ద వాన పడితే మందు గింజ దాకా దిగుతుంది. పైన మబ్బు విడవకపోతే, చలికి ముడుచుకున్న మొలక దాన్ని అరిగించుకోలేదు. ఆకులు పసుపెక్కి ముడతలు పడతాయి.

నా చిన్నప్పుడు ఒక ఏడు అలాగే అయితే, మామ దున్నేద్దామని ట్రాక్టర్ పిలిచాడు. అత్త అడ్డం నిలబడింది. ఒక మొలక పీకి, వేరు గిల్లి చూపించింది.

"వేరు తెల్లగా ఉండాది చూడయ్యా. ఎండ రానీ."

"ఎండ నీకు చెప్పి వస్తాదా?"

"రాకుంటే అప్పుడు దున్నుదువు. అంతదాకా సుమ్మా ఉండు, చేని జోలికి పోవద్దు."

మామ అలిగి మధ్యాహ్నం అన్నం మానేశాడు. ఎండ వచ్చింది. ముడతాకుల నడుమ కొత్త ఆకులు నున్నగా లేచాయి. ఆ కాయలు లొట్టలేసుకుంటూ తిన్నాడే గానీ, ఆమెదే నిజమని మామ ఒక్కసారీ అనలేదు. ప్రతి ఏడూ ఆమె మాటే నెగ్గిందనీ కాదు లెండి. ఎండ రాక చేను పోయిన ఏడూ ఉంది. ఆ ఏడంతా మామ దెప్పుతూనే ఉన్నాడు.

కాట్టుపల్లిలో నా కాంట్రాక్టు పని పోయినప్పుడు ఎవరికీ ముఖం చూపించలేక అత్త దగ్గరికే వెళ్లాను. అందరూ తలా ఒక సలహా చెబుతున్న రోజులవి. ఆమె ఏమీ అడగలేదు. నానిన అనప గింజల తోలు పితికి తీసిన పప్పుతో పులుసు వడ్డించి, "కొన్నాళ్లు ఈడే ఉండు నాయనా" అంది. ఆ మాటతోనే నేను తేరుకున్నాను. ఇప్పటికీ తలచుకుంటే కళ్లు తడుస్తాయి.

కర్మ అయిన మర్నాడు మామతో చేనికి వెళ్లాను. పోయేముందు అత్త తన చేత్తో విత్తిన అనప అది. మొలకలన్నీ పసుపెక్కి ఉన్నాయి. మబ్బు ఇంకా విడవలేదు.

"దున్నేద్దామా మామా?" అన్నాడు ట్రాక్టర్ అతను.

మామ వంగి ఒక మొలక పీకాడు. వేరు గిల్లి చూశాడు.

"ఎండ రానీలేప్పా" అన్నాడు.

ట్రాక్టర్ వెళ్లిపోయింది. మామ మాత్రం ఆ మొలకను పారేయకుండా అరచేతిలో పెట్టుకుని, మబ్బు వైపు చూస్తూ గట్టు మీదే నిలబడిపోయాడు.