వంతెన తెరిచిన రోజు

అనుమానాలక్క వేళ్లు పొద్దున్నే రేపటి పేజీలో ఒక కవి పుట్టుకను చెరిపేస్తున్నాయి. పత్రికలో ‘చరిత్రలో ఈరోజు’ శీర్షిక ఆమెది. గొప్పవాళ్లంతా గొప్ప రోజు చూసుకునే పుట్టారంటే పెదవి విరుస్తుంది. కింది పంక్తిలో, ఊరి వంతెన తెరిచిన రోజే తన తండ్రి పుట్టాడని పత్రిక యజమాని రాయించాడు. ఆమె యజమాని మేనత్తకు ఫోన్ చేసింది. “మా తమ్ముడా? ఆ రోజు పుట్టింది నేను తల్లీ! నా పలక లాక్కున్నాడు, ఇప్పుడు పుట్టినరోజు కూడానా?” అంది ముసలామె. అనుమానాలక్క ఆ మాటా నమ్మలేదు.

“నాన్న పేరు లేకపోతే రేపు నీ కుర్చీ ఉండదమ్మా,” అన్నాడు యజమాని. “ఆ పుట్టినరోజు తనదంటున్నారు మీ మేనత్తగారు సార్. ముందు ఇంట్లో తేల్చుకోండి.” మధ్యాహ్నం వెళ్లి వంతెన శిలాఫలకం మీది తేదీని వేలితో తడిమి చూసి వచ్చింది. సాయంత్రం కుర్చీని బల్ల కిందికి నెట్టి, వంతెన ఒక్కటే మిగిలిన పేజీని ప్రెస్సుకు అప్పగించింది.