పక్కింటాయన ఎండు వేరు

మా పక్క వాటా నమీబియా పెద్దాయన పోయిన నెల చనిపోయాడు. కబురు మా ఆవిడకే ముందు తెలిసింది. ఆయన సంగతులన్నీ ఆవిడకే ముందు తెలుస్తాయి. నాకు కాదు.

డ్రెస్డెన్‌లో మేం ఈ మేడలో దిగేటప్పటికే ఆయన పాత కాపు. నేను హోటల్లో వంట చేసి రిటైరైనవాణ్ణి. మా తాత పసరు వైద్యుడు. కీళ్ళ నొప్పులకి వావిలాకు కాపడం మా ఇంటి సొత్తు. మా ఆవిడ మోకాళ్ళు పట్టేస్తే ఊరినుంచి ఎండాకు తెప్పించాను. నా చేత్తోనే నయం కావాలని నా పట్టుదల.

అంతలో ఈయనొచ్చాడు, ఎండు ముక్కలు పట్టుకుని. వాళ్ళ ఎడారి దుంపట. జర్మన్లు దెయ్యపు గోరు అంటారు. ఇక్కడి మందుల షాపుల్లో మాత్రలుగా కూడా దొరుకుతుంది. నా వావిలాకు ఏ షాపులో ఉంది? ఒళ్ళు మండింది.

"తల్లివేరుని ముట్టం షెఫ్. పక్క దుంపలు కోసుకుని మళ్ళీ మట్టి కప్పేస్తాం," అన్నాడు. నన్ను షెఫ్ అనే పిలిచేవాడు.

"నా ఆకు అన్ని నొప్పులూ తీస్తుంది. నీ వేరో?"

"అన్నీ తియ్యదు. పనిచేసిందంటే ఎవరికి, ఎంత అని అడగాలి."

అదీ ఆయన మాట. డాక్టరు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికేదాకా ఆవిణ్ణి ఒక్క ముక్క నోట పెట్టుకోనివ్వలేదు. కడుపులో పుండుంటే పడదట. రక్తం పలచన చేసే మాత్రలు వాడేవాళ్ళు అడక్కుండా పుచ్చుకోకూడదట.

ముగ్గురం వెళ్ళాం. "కొందరికి నొప్పి కొంత తగ్గినట్టు పరీక్షల్లో కనబడింది. గట్టి రుజువని చెప్పలేను. మీకైతే వాడి చూడొచ్చు," అంది డాక్టరమ్మ.

"మరి నా వావిలాకు?" అన్నాను.

"దాని గురించి నేను చదవలేదు."

పెద్దాయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టడానికి వీలుండేది.

ఆవిడకి నెమ్మదిగా తగ్గింది. "వేరు వల్లో, డాక్టరమ్మ నేర్పిన వ్యాయామం వల్లో చెప్పలేం," అని ఆయనే అన్నాడు. ఈవిడ వింటేనా!

"మీరూ, మీ ఆకు కంపూ! ఆ అన్నయ్యగారి హస్తవాసి మంచిది," అంది. పెళ్ళయిననాటినుంచీ ఆ మాట నన్ననలేదు. ఇప్పటికీ కుళ్ళే నాకు, ఉన్నమాట రాస్తున్నా. అయినా మేలు మేలే. మెట్లెక్కలేని మనిషి బజారుకెళ్ళొస్తోంది.

ఖననం రోజు వాన. సమాధి దగ్గర మా ఆవిడ తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఎంతకీ కదల్లేదు. లేవలేదేమోనని వంగి చెయ్యి చాచాను. ఆవిడ చూడలేదు. చీర దులుపుకుని తనే లేచి, చుట్టూ ఉన్నవాళ్ళతో కలిసి నడిచి వెళ్ళిపోయింది. నా చెయ్యి వానలో అలాగే ఉంది.