బ్యాటరీకి అడ్డం నిలబడ్డాను

మిషిగన్‌లో ఒకచోట పాత రైలు పట్టాలు పీకేసి, ఆ దారి పొడవునా తారు పరిచి సైకిళ్ళకు వదిలేశారు. ఆ దారిలో నేను రోజుకు వంద మైళ్ళు తొక్కేవాణ్ణి. సరే, వంద కాదు, ఇరవై. అదీ మా అల్లుడి బ్యాటరీ సైకిల్ మీద.

ఒక మధ్యాహ్నం అక్కడి బెంచీ మీద ఒక తెలుగమ్మాయి మోకాలు పట్టుకుని కూర్చుంది. మోకాలికి సర్జరీ అయ్యాక ఇంత దూరం రావడం ఇదే మొదలట. కారు తెమ్మని భర్తకు అప్పుడే ఫోన్ చేసిందట.

"మీరు ఎక్కణ్ణుంచి తొక్కుతున్నారు అంకుల్?"

"నలభై మైళ్ళ అవతల నుంచమ్మా. డెబ్భై నాలుగేళ్ళు నాకు. అంతా ఈ కాళ్ళ బలమే!"

ఆ పిల్ల హెల్మెట్ తీసి, కష్టపడి వంగి, నా కాళ్ళకు దండం పెట్టింది. నేను బ్యాటరీ కనబడకుండా సైకిల్‌కు అడ్డంగా జరిగాను.

"నువ్వు రాకు," అంది ఫోన్లో భర్తతో. "ఇక్కడ అంకుల్‌ని చూస్తే నాకే సిగ్గేస్తోంది. నెక్స్ట్ టౌన్ దాకా రైడ్ చేసేస్తా."

ఆమె సైకిలెక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి ఉండబట్టలేక మోటారు వేసుకుని వెంటపడ్డాను. రెండు మైళ్ళ అవతల గడ్డిలో కూలబడి ఉంది. మోకాలు వాచిపోయింది.

"అమ్మా, నాది బ్యాటరీ బండి. ఇందాక కోతలు కోశాను."

ఆమె భర్తను రమ్మని ఫోన్ చేసింది. తర్వాత నా సైకిల్ వంక చూసింది.

"ఇంటికెళ్ళడానికి ఛార్జ్ ఉందా అంకుల్? లేకపోతే మేం డ్రాప్ చేస్తాం."

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతోంది.