బావ వీపు మీద పాదాలు

ముందే చెప్పేస్తాను. దయ్యాలు, గాలి సోకడాలు, పూనకాలు ఇవేవీ నా దగ్గర నడవవు. నేను ఫిజియోథెరపిస్టును. నిజామాబాద్‌లో బస్టాండుకు కాస్త దూరంలో, మొదటి అంతస్తులో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఎముక, కండరం, నరం దాటి మనిషి ఒంట్లో ఇంకేదో ఉందని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు. ఎందుకో రాస్తున్నాను గానీ, నమ్మమని ఎవరినీ బతిమాలడం లేదు.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అంటే తల కాకుండా కాళ్లు ముందు బయటికి వచ్చాయట. మా వైపు అలా పుట్టినవాళ్లకు చిన్నప్పుడే ఒక ఉద్యోగం తగులుకుంటుంది. ఎవరికి నడుం పట్టుకున్నా వచ్చి బోర్లా పడుకుంటారు. ఎదురుకాళ్ల పిల్ల ఎడమకాలితో నడుం మీద మెల్లగా తొక్కాలి. పెద్దవాళ్లకు పొరపాటున కాలు తగిలితేనే దండం పెట్టించే మా అమ్మ, ఈ పనికి మాత్రం నన్ను చంకనెత్తుకుని వాడకట్టంతా తిప్పేది. తొక్కించుకున్నవాళ్లు లేచి నా కాళ్లకే మొక్కి, చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్లు. బెల్లం కోసం నేనూ ఉత్సాహంగానే తొక్కేదాన్ని.

చదువుకున్నాక ఆ పని మానేశాను. నడుం నొప్పులు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. కొన్ని మాత్రం మా చేతులకు లొంగేవి కావు. వెన్నులో క్షయ వచ్చినా, క్యాన్సర్ వచ్చినా, మొదట మామూలు నడుం నొప్పిలాగే ఉంటుంది. వాటిని ముందే పసిగట్టి డాక్టరు దగ్గరికి తరమడం మా పని. ఆ గుర్తులను మేం రెడ్ ఫ్లాగ్స్ అంటాం. సాయంత్రం జ్వరం వస్తోందా? ఊరికే బరువు తగ్గారా? పడుకున్నా నొప్పి ఆగడం లేదా? కాళ్లు తేలిపోతున్నాయా? కూర్చునే చోట మొద్దుబారిందా? మూత్రం పట్టు తప్పుతోందా? ఇవి అడగకుండా నేను ఎవరి వీపు మీదా చెయ్యి వేయను. ఆఖరి రెండూ అడిగితే కొందరు పెద్దమనుషులకు కోపం వస్తుంది. రానీ, నాకేం.

కానీ ఆ రోజు నా ముందు కూర్చున్నది మా బావ.

మా అక్క లలితను బోధన్ దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. బావ పేరు గంగాధర్. షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చాలామంది వరికి, సోయాకు మళ్లారు. మా బావ మొండివాడు, ఇంకా కొంత చెరుకు పెడతాడు. కోతలప్పుడు సొంత ట్రాక్టర్ మీద తనే తోలుకుపోతాడు. నన్ను ఆటపట్టించనిదే ఆయనకు ముద్ద దిగదు. తిరిగి రెండు మాటలు అనకపోతే నాకూ దిగదు.

ఆ చలికాలం ఆయనకు నడుం పట్టుకుంది. ట్రాక్టర్ కుదుపులకే అనుకున్నారు. ఎన్నిసార్లు రమ్మన్నా క్లినిక్‌కు రాలేదు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్లాను. మనిషి కొంచెం చిక్కినట్టు కనిపించాడు. కోతల మీదుంటే ఎవరైనా చిక్కుతారంది అక్క.

అడగాల్సినవన్నీ అడిగాను. జ్వరం లేదన్నాడు. ఆకలి మంచిగుందన్నాడు. మొద్దుబారడం గురించి, మూత్రం గురించి అడిగేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మరదలు బావను అడిగే మాటలా అవి? పక్కనే ఉన్న అక్క అత్తగారు, మేమంతా అవ్వ అని పిలిచే గంగవ్వ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. బావ పకపకా నవ్వాడు.

"ఏందే సుజీ, గిసొంటియి అడుగుమంటరా మీ సదువుల? నాకేం లేదు, అంతా సాఫ్ ఉంది. నువ్వు జర నడుం తొక్కు, రేపటికి లేస్త."

తొక్కను పొమ్మన్నాను. అది వైద్యం కాదన్నాను.

"ఊరోళ్లందరియి తొక్కినవు గద బిడ్డా. మా గంగాధర్‌ది తొక్కనీకి నామోషా?" అంది అవ్వ.

అక్క కూడా అటే మాట్లాడింది. "ఒక్కపారి కాలు పెట్టు, నీ సొమ్మేం బోతది? ఆయనకు నిమ్మళమైతది." అడిగినవాటన్నిటికీ లేదనే జవాబు వచ్చింది కదా, ఊరికే కాలు ఆనించి తీసేస్తే వీళ్ల నోళ్లు మూతపడతాయని సరేనన్నాను.

వసారాలో చాప వేశారు. పట్టపగలు. తలుపు బార్లా తీసి ఉంది, ఎండ చాప మీద పడుతోంది. అవ్వ బావ వీపంతా నువ్వుల నూనె పట్టించింది. ఆయన బోర్లా పడుకుని, మరదలి కాలు తగలాలన్నా రాసి పెట్టి ఉండాలంటూ అక్కను ఉడికిస్తున్నాడు. నేను ఆయన నడుం పక్కన నిలబడి, తూలకుండా దర్వాజ పట్టుకుని, ఎడమకాలు ఎత్తాను.

నా కాలు ఇంకా గాలిలోనే ఉంది. ఈ మాట ఎక్కడైనా ఒట్టేసి చెబుతాను.

బావ కేక పెట్టాడు. "అమ్మా! మెల్లగ! దిగు సుజీ, దిగు!"

నేను ఉలిక్కిపడి వెనక్కి దూకాను. నేనింకా కాలే పెట్టలేదు బావా అంటున్నాను. ఆయనకు వినిపించడం లేదు. ఊపిరి ఆడనట్టు మూలుగుతూ గోళ్లతో చాపను రక్కుతున్నాడు. అప్పుడు చూశాను వీపు.

వీపు మీద రెండు పాదాల గుర్తులున్నాయి. చిన్నవి, నాలుగైదేళ్ల పిల్ల పాదాలంత. నూనె మీద పడ్డ మరకల్లాంటివి అనుకోకండి. చర్మం లోపలికి దిగిపోయి ఉంది. మడమల దగ్గర లోతుగా, వేళ్ల దగ్గర విడివిడిగా. నొక్కుకున్న చోట రక్తం పోయి తెల్లబడింది, చుట్టూ చర్మం పొంగింది. బరువు పడితే చర్మం ఎలా ఉంటుందో నాకు తెలుసు, రోజూ చూసేదే కదా. ఆ వీపు మీద బరువుంది. పైన ఎవరూ లేరు.

వేళ్లు నా వైపు తిరిగి ఉన్నాయి. ఒక పాదం కొంచెం ఎగువన, ఇంకొకటి దిగువన. అంటే అక్కడ నిలబడ్డది ఎవరో గానీ, నాకు ఎదురుగా నిలబడ్డారు.

ఆ ఇంట్లో చిన్నపిల్లలు లేరు, అక్క పిల్లలు పెద్దవాళ్లై హాస్టళ్లలో ఉన్నారు. అక్క వెనక నుంచి నా భుజం పట్టుకుంది, ఆమె గోళ్లు దిగిన చోట తర్వాత చాలా రోజులు మంట పుట్టింది. అవ్వ అది చూసి రెండు చేతులూ జోడించి గోడకు ఆనుకుపోయింది.

అంతలో ఒక గుంట మెల్లగా పూడుకుంది. చర్మం పైకి తేలింది, ఎవరో అరికాలు ఎత్తినట్టు. మళ్లీ అదే చోట దిగింది. నిలబడి నిలబడి కాలు మార్చుకుంటారు చూడండి, అలా. బావ మళ్లీ మూలిగాడు.

ఎవరైనా అక్కడి నుంచి పరుగెత్తేవాళ్లే. నాకు కాళ్లు రాలేదు. చూపు కూడా తిప్పుకోలేక ఆ వీపునే చూస్తూ ఉండిపోయాను, అందుకే కనిపించింది. ఆ రెండు పాదాల నడుమ, వెన్ను మీద, ఒక ఎముక పైకి పొడుచుకొచ్చి ఉంది. చెరుకుగడ మీది కణుపులా. కూర్చున్నప్పుడు ఆయన ఒంటి మీద చొక్కా, స్వెటర్ ఉన్నాయి. పడుకున్నాక నూనె మెరుపు తప్ప నాకేమీ కనపడలేదు. నేను కాలు ఆనించబోయింది సరిగ్గా దాని మీదే.

గుంటలు ఒకదాని వెంట ఒకటి పూడిపోయాయి. బావ నీళ్లలోంచి తేలినవాడిలా గాలి పీల్చుకున్నాడు. వీపు మామూలు వీపు అయిపోయింది.

నాకు తెలిసింది ఒక్కటే పని, దాన్ని మొదలుపెట్టాను. ఆ ఎముక మీద వేలితో తట్టగానే బావ అదిరిపడ్డాడు. కళ్లు మూసుకోమని కాలి బొటనవేలు కదిపితే పైకి కదిపానో కిందికి కదిపానో చెప్పలేకపోయాడు. పాదాన్ని పైకి తోసి పట్టుకుంటే అది నా చేతిలో ఆగకుండా కొట్టుకుంది. లోపల వెన్నుపాము నలుగుతోంటేనే అలా కొట్టుకుంటుంది.

అక్కను, అవ్వను లోపలికి పంపించి అన్నీ మళ్లీ అడిగాను. ఈసారి అరిచాను. భయానికి నాకు కోపం వచ్చేసింది. బావ గోడవైపు తిరిగి ఏడ్చాడు.

"నీకెట్ల జెప్పాల్నే సుజీ, మరదలివి. పొద్దుమీకితె జరమొస్తున్నది. కాళ్లు ఏడేస్తున్ననో ఎరుకైతలేదు. ఒంటికి పోయేది గుడ సోయి ఉంటలేదు. మీ అక్కకు గుడ జెప్పలే."

ఒక్క ప్రశ్నకైనా ఆయన నాకు నిజం చెప్పలేదన్నమాట. ఆ సిగ్గును నేను తిట్టలేను. ఆయన స్థానంలో ఉంటే నేనూ చెప్పేదాన్ని కాదేమో.

అంబులెన్స్ పిలిపించి, వెన్ను కదలకుండా బల్ల మీద కట్టి నిజామాబాద్ తీసుకొచ్చాం. స్కానింగ్‌లో వెన్నులో క్షయ అని తేలింది. ఒక ఎముక లోపలంతా గుల్లయిపోయింది, పైకి డొల్ల మిగిలింది. డాక్టరు ఆ బొమ్మ చూస్తూ, దీన్నెవరూ నొక్కలేదు కదా అని అడిగాడు. లేదన్నాను. నొక్కి ఉంటే ఈ మనిషి ఇక ఈ జన్మలో లేచేవాడు కాదన్నాడు. నేను బయటికొచ్చి వరండాలో కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చాను.

తర్వాత చాలా ఆలోచించాను. కండరం బిగుసుకుంటే వీపు మీద గుంటలు పడవచ్చు, కానీ కండరానికి వేళ్లుండవు. చాప అచ్చు అందామా అంటే చాప పొట్ట కింద ఉంది. నా కళ్లు మోసం చేశాయనుకుందామంటే అక్క కూడా అదే చూసింది, అదే చెబుతుంది. అవ్వను అడిగితే మాత్రం, "గా ముచ్చట తియ్యకు బిడ్డా, నీకు దండం బెడ్త" అంటుంది.

ఇంకొకటుంది, దాన్ని రాయాలంటేనే చెయ్యి ఆడదు. ఆ పాదాలంత పాదాలున్న వయసులోనే మా అమ్మ నన్ను ఎత్తుకుని వాడకట్టంతా తిప్పింది. ఈ ఆలోచన వచ్చిన రోజు లేచి ఇంట్లో లైట్లన్నీ వేసుకుంటాను. నేను బతికే ఉన్నాను కదా. నా పాదాలు నా దగ్గరే ఉన్నాయి కదా.

బావకు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. వెన్నులో రాడ్లు వేశారు. క్షయ మాత్రలు నెలల తరబడి మింగాడు. మొదట పాదం కదిలింది, తర్వాత వాకర్ పట్టుకున్నాడు, ఆ తర్వాత అదీ వదిలేశాడు. వీపు కండరాలకు బలం రావడానికి వ్యాయామాలు నా దగ్గరే చేయించాల్సి వచ్చింది. వాటికి బోర్లా పడుకోవాలి. ఇద్దరం ఆ మాట ఎత్తకుండా చాలా రోజులు గడిపాం.

మొన్న ఇక తప్పలేదు. పొద్దున్నే వచ్చి, చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. నేను పక్కన నిలబడి ఆ వీపును చూస్తూ ఉన్నాను. ఆపరేషన్ మచ్చ తప్ప ఇంకేం లేదు. చర్మం సాఫీగా ఉంది.

"ఎవరూ లేరు బావా" అన్నాను.

ఆయన తల తిప్పకుండానే అన్నాడు. "బరువైతే లేదు సుజీ. గని అది పోలే, ఈడనే ఉంది."

ఆ రోజు వ్యాయామం చేయించలేదు. లేపి కూర్చోబెట్టాను. అది పోవాలని మొక్కాలంటే భయం, ఉండాలని మొక్కాలన్నా భయం. బావ కాళ్లు దాని వల్లనే నిలబడ్డాయని తెలుసు, అదేమిటో మాత్రం ఇప్పటికీ నాకు అంతుచిక్కదు. ఆయన చొక్కా వేసుకుని, కమ్మీ పట్టుకోకుండా తన కాళ్ల మీద తనే మెట్లు దిగి వెళ్లాడు. బల్ల మీది దుప్పటి మార్చడానికి నాకు చాలాసేపు చెయ్యి రాలేదు.