దమ్ముకు రెండు అర్థాలు

2017లో నేను దోహాలోని అల్ సద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల విభాగానికి ఛార్జ్ నర్సుగా ఉన్నాను. ఆ ఏడాది వేసవి చివర్లో మా విభాగంలో పొగ మాన్పించే క్లినిక్ కొత్తగా తెరిచి, దాన్ని నాకు అప్పగించారు. క్లినిక్ అన్నది పెద్ద మాట. ఒక చిన్న గది, ఒక బల్ల, మూడు కుర్చీలు, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో కొలిచే చేతిమీటరు ఒకటి. డాక్టరు మందు రాస్తారు. ఆ మందు ఎలా వాడాలో చెప్పడం, వాడారో లేదో కనిపెట్టడం, మధ్యలో పారిపోయేవాళ్ళకు ఫోను చేసి వెనక్కి రప్పించడం నర్సు పని. ఈ మూడో పనికి నా గొంతు సరిపోతుందనే నన్ను వేశారని మా మేట్రన్ నవ్వుతూ అనేది.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు దేశమంతా తవ్వి పోసి ఉన్న రోజులవి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లుసైల్ నిర్మాణ సైట్ల మీద పనిచేసే ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు. బూట్లకు సిమెంటు దుమ్ముతోనే వచ్చేవాళ్ళు. వాళ్ళందరికీ మొదటిరోజు ఒకే పాఠం చెప్పేదాన్ని. మనిషిని కట్టిపడేసేది నికోటిన్, ఊపిరితిత్తుల్ని పాడుచేసేది పొగ. అందుకని నికోటిన్‌ను చర్మానికి అంటించే పట్టీ ద్వారానో, నమిలే గమ్ ద్వారానో ఇచ్చి, ముందు పొగను మాన్పిస్తాం. తర్వాత పట్టీ సైజు తగ్గించుకుంటూ వచ్చి నికోటిన్‌నూ మాన్పిస్తాం. మా మీటరు పట్టుకునేది పొగనే. పట్టీ వేసుకుని వచ్చినా సిగరెట్ ముట్టకపోతే దాని మీద ఆకుపచ్చ దీపమే వెలుగుతుంది. ముడితే ఎర్రది.

అక్టోబరులో పిల్లల డాక్టరు ఒక జంటను నా దగ్గరికి పంపారు. గంగాధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె, లుసైల్‌లో సైట్ సూపర్‌వైజర్. భార్య లావణ్య ఒక ఫర్నిచర్ కంపెనీలో అకౌంట్స్ చూసేది. అల్ వుకైర్‌లో ఫ్లాటు. కూర్చోగానే అతను అన్నాడు, "మా బిడ్డకు దమ్మున్నది సిస్టర్."

నాది తెనాలి. మా వైపు ఆ మాటకు ధైర్యమని అర్థం. "ఆడపిల్లకి దమ్ముంటే మంచిదే కదండీ" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. లావణ్య సర్ది చెప్పింది. "అట్ల కాదు సిస్టర్. ఆయాసం. పిల్లికూతలొస్తయ్. మా దిక్కు దాన్నే దమ్మంటరు."

"మా వైపు దమ్ము కొట్టడమంటే సిగరెట్ తాగడం" అన్నాను, ఇబ్బందిని కప్పిపుచ్చుకోడానికి.

"మా దిక్కు గుడ అంతే సిస్టర్" అన్నాడు గంగాధర్. "మేం దమ్ము కొడితె బిడ్డకు దమ్మొస్తది."

నా ఉద్యోగంలో ఇంత క్లుప్తంగా రోగచరిత్ర చెప్పినవాళ్ళు మరొకరు లేరు.

వాళ్ళ పాప సహస్రకు ఆరేళ్ళు. అంతకుముందు ఏడాది దోహాకు తెచ్చుకుంటే ఊపిరి ఆడక ఎమర్జెన్సీలో చేర్చాల్సి వచ్చింది. పొగ తాగే ఇంట్లో ఈ పిల్లను ఉంచొద్దని పిల్లల డాక్టరు ఖండితంగా చెప్పారు. సిగరెట్ మానలేక పిల్లను కరీంనగర్‌లో లావణ్య తల్లి దగ్గర వదిలి వచ్చారు. ఇప్పుడు ఏప్రిల్ నుంచి ఇక్కడి స్కూల్లో ఒకటో తరగతి సీటు దొరికింది. ఈలోగా ఇద్దరూ మానేయాలి. మానకపోతే పిల్ల రాదు. అంతకంటే తిరకాసు ఏమీ లేదు.

ఆడవాళ్ళు తామూ తాగుతామని సాధారణంగా రెండో మూడో విజిట్‌లో గాని బయటపెట్టరు. లావణ్య మొదటిరోజే చెప్పింది. హైదరాబాద్ కాల్‌సెంటర్లో నైట్ డ్యూటీలప్పుడు మొదలైందట. బ్రేక్‌లో బయట నిలబడ్డ గుంపులో కలవాలంటే చేతిలో సిగరెట్ ఉండాల్సిందేనట. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

జంటగా వచ్చినవాళ్ళను ముందు విడివిడిగా అడగడం మా పద్ధతి. నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎప్పుడన్నది అసలు ప్రశ్న. అతను మంచం దిగకముందే. ఆమె సాయంత్రం బాల్కనీలో అతనితో కూర్చున్నప్పుడు, ఎప్పుడైనా ఆఫీసు మెట్ల మీద. అందుకని డాక్టరు అతనికి పెద్ద పట్టీ, ఆమెకు గమ్ రాశారు. ఇద్దరూ ఒకే రోజు మానాలన్నాను. బాల్కనీలో కుర్చీలు తీసేయమన్నాను.

"మరి మేం యాడ మాట్లాడుకోవాలె సిస్టర్?" అంది లావణ్య.

వంటింట్లో అని చెప్పాను. ఆమె నవ్వలేదు. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళ కబుర్లన్నీ ఆ పొగలోనే జరిగాయని నాకు అప్పుడు అర్థమైంది.

మొదటి వారాలు అందరికీ జరిగేవే వాళ్ళకూ జరిగాయి. ఆమె గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి, ఎక్కిళ్ళు పట్టుకుని ఫోను చేసింది. నాలుగు సార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే చెంపలో పెట్టి వదిలేయాలని మళ్ళీ చెప్పాను. సైట్ మీద చెమటకు అతని పట్టీ ఊడిపోయేది. వీపు పైభాగాన, తడి తుడిచి అంటించమన్నాను. అక్కడ అతని చెయ్యి అందదు కాబట్టి పొద్దున్నే అంటించే పని లావణ్యది అయింది. డ్యూటీకి పోయేముందు వీపు మీద ఒక చరుపు చరిచి పంపుతుందట. మీటరులో ఇద్దరికీ ఆకుపచ్చ దీపమే.

కార్తీకం రాగానే గంగాధర్ నల్లచొక్కా, మెడలో మాల, నుదుట గంధంతో వచ్చాడు. అయ్యప్ప దీక్ష. ఏటా వేస్తాడట. "మాలల ఉన్నన్ని దినాలు ఒక్కటి గుడ ముట్ట సిస్టర్" అన్నాడు గర్వంగా. తీశాక ఏం చేస్తావని అడిగితే బల్ల వైపు చూశాడు. నాకు మొక్కుల మీద నమ్మకం ఉంది. మొక్కు తీరిన మర్నాటి మనుషుల మీద లేదు.

అతనికి ఇంకో సందేహం ఉంది. పట్టీలో ఉన్నదీ పొగాకు సరుకే కదా, మాలలో ఉండగా ఒంటి మీద ఉండొచ్చా అని. నర్సింగ్ స్కూల్లో ఈ పాఠం చెప్పలేదు. మీ గురుస్వామిని అడగమన్నాను. గురుస్వామి నిజామాబాద్ మనిషి, క్రేన్ ఆపరేటరు. ఆయన ఒక్కటే అడిగాడట, నోట్లోంచి పొగ వస్తదా అని. రాదంటే, అయితే మందే, పెట్టుకో అన్నాడట. మా డాక్టరైతే అదే మాటను అరగంట చెప్పేవారు.

కాని దీక్షతో రెండు మార్పులు వచ్చాయి. భార్య తాకకూడదన్నది వాళ్ళ నియమం కాబట్టి పట్టీ తనే భుజానికి అంటించుకునేవాడు. వేశాడో లేదో ఆమెకు తెలిసేది కాదు. రెండోది మాట. మామూలుగా ఆమె అతన్ని నువ్వు అంటుంది. ఇప్పుడు స్వామీ అనాలి, మీరు అనాలి.

ఒక శుక్రవారం సాయంత్రం పూజ ముగించుకుని ఇద్దరూ వచ్చారు. లావణ్య ఊదింది, ఆకుపచ్చ. గంగాధర్ ఊదాడు, ఎర్ర దీపం. మీటరు తుడిచి, ఊదే గొట్టం మార్చి మళ్ళీ ఊదించాను. మళ్ళీ ఎరుపే.

లావణ్య మీటరు వైపు చూసి, అతని వైపు తిరిగింది. "స్వామీ, నిజం చెప్పుండ్రి. పూజ రూముల పొగ అలారానికి కవరెందుకు కట్టిండ్రు?"

"సాంబ్రాణికి మోగుతున్నదని కట్టిన."

"తలుపు కింద టవల్ ఎందుకు పెడుతున్నరు స్వామీ?"

"పొగ హాల్లకు రావద్దని."

"ఏ పొగ స్వామీ?"

అంత మర్యాదగా జరిగిన భార్యాభర్తల తగాదా నేను చూడలేదు. ఆమె గొంతు వణుకుతోంది, మాట మాత్రం మీరు దాటి కిందికి దిగడం లేదు. నువ్వు అని కడిగేయగలిగితే ఆమెకు కొంత తేలికయ్యేదేమో. అతను తల దించుకుని, "మాలల ఉండి అబద్ధమాడుతనా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇగ బిడ్డను తేవద్దు. అమ్మకు ఫోన్ చేసి చెప్త" అని ఆమె సంచీ అందుకుంది.

కూర్చోమన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. చాటుగా తాగి వచ్చిన మనిషి మొదట మీటరునే తిడతాడు. చెడిపోయిందంటాడు, పక్కవాడు తాగాడంటాడు. గంగాధర్ మీటరును ఒక్క మాట అనలేదు. నాకు జాలి వేసింది, దానితోపాటు అనుమానం కూడా వచ్చింది, అతని మీద కాదు. సాంబ్రాణి దేని మీద వేస్తున్నావని అడిగాను.

"బొగ్గుల మీద సిస్టర్."

"ఏ బొగ్గులు?"

"షీషా బొగ్గు. కింద బకాలల దొరుకుతది. అగ్గిపుల్ల చూపిస్తె అంటుకుంటది."

బకాలా అంటే అక్కడ వీధి కిరాణా కొట్టు. షీషా అంటే హుక్కా. హుక్కా చిలుములో పెట్టే బొగ్గు బిళ్ళ మీద సాంబ్రాణి వేసి, కిటికీ మూసి, ఏసీ పెట్టి, తలుపు కింద టవల్ దూర్చి, పూజ అయ్యేదాకా ఈయన దాని పక్కనే కూర్చుంటున్నాడు. ఆ సమయానికి లావణ్య వంటింట్లో స్వాములకు భిక్ష వండుతూ ఎగ్జాస్ట్ ఫ్యాను కింద ఉంది. బొగ్గు కాలినా సిగరెట్ కాలినా వచ్చేది అదే కార్బన్ మోనాక్సైడ్. మీటరుకు శరణుఘోష వినపడదు.

అయినా ఊహ మీద మనిషిని విడిచిపెట్టడం మా పద్ధతి కాదు. అప్పటి నుంచి బొగ్గు వెలిగించకుండా ఆదివారం పొద్దున డ్యూటీకి ముందు రమ్మన్నాను. వచ్చారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. లావణ్య అతని వైపు తిరిగి, రెండు చేతులు జోడించి "స్వామి శరణం" అంది. దీక్షలో ఉన్నవాళ్ళకు పలకరింపూ అదే, సెలవూ అదే. ఆ రోజు అది క్షమాపణ కూడా అయింది. అతనూ "స్వామి శరణం" అని, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళు అంతటితో తేలికపడ్డారు. చెప్పాల్సింది నాకు ఇంకొకటి మిగిలింది. మీటరు తప్పు చూపలేదు, ఆ ఇంట్లో పొగ ఉన్నమాట నిజమే, దమ్ము ఉన్న పిల్లకు సిగరెట్ పొగా సాంబ్రాణి పొగా ఒకటేనని చెప్పాను. పైగా పొగ అలారానికి కవరు కట్టడం పిల్లలు లేని ఇంట్లో కూడా ప్రమాదం.

సిగరెట్ మానమన్నప్పుడు కూడా గంగాధర్ అంతగా బాధపడలేదు. "స్వామికి ధూపం ఎయ్యకుంటె ఎట్ల సిస్టర్? మా నాయినకాడికెళ్ళి వస్తున్న పద్ధతి" అన్నాడు. జవాబు లావణ్య నుంచి వచ్చింది.

"ఆ బిడ్డను ఇచ్చింది గుడ ఆ స్వామే గద స్వామీ" అంది. "ఇచ్చిన బిడ్డకు ఆయన పొగ పెట్టమంటడా?"

ఆ రోజే గంగాధర్ అలారం కవరు విప్పేశాడని ఆమె ఫోనులో చెప్పింది. దీపమూ పువ్వులతోనే పూజ కానిచ్చాడట. గురుస్వామి గదిలో పడిపూజకు వెళ్ళినప్పుడు తలుపు దగ్గర కూర్చునేవాడట.

జనవరిలో సెలవు పెట్టి కొండకు వెళ్ళాడు. మాల తీసే రోజు గురించే నా భయమంతా. అప్పటికి అతను మధ్య పట్టీ మీద ఉన్నాడు. కొండ దిగి మాల తీశాక, మొదటి టీకొట్టు దగ్గర తోటి స్వాములంతా సిగరెట్లు వెలిగించారట. ఒకాయన పెట్టె చాపాడట. గంగాధర్ పక్కకు వచ్చి దోహాకు ఫోను చేశాడు. లావణ్య తన గమ్ కొంత అతని సంచీలో ముందే వేసి పంపింది. ఏకభుక్తం పాటించే మనిషి దీక్షలో దాన్ని నమలడని తెలిసే, మాల తీశాక పనికొస్తుందని పెట్టింది.

"నువ్వు గమ్ము ఏస్కో. నేను గుడ ఏస్కుంట. ఫోన్ పెట్టెయ్యకు" అందట. ఇద్దరూ ఇక్కడొకరు, అక్కడొకరు చెంపలో గమ్ పెట్టుకుని, బస్సు హారను కొట్టేదాకా మాట్లాడుకున్నారు. ఈ సంగతి చెబుతూ అతను, "మళ్ళ నువ్వు అన్నది సిస్టర్" అని మురిసిపోయాడు. గమ్ కంటే ఆ మాటే అతన్ని బస్సెక్కించిందని నాకనిపించింది.

మార్చి నాటికి ఇద్దరికీ పట్టీలు, గమ్ అవసరం తీరింది. మందు ఆపాక కూడా మీటరు ఆకుపచ్చే చూపింది. ఏప్రిల్‌లో సహస్ర వచ్చింది. పిల్లల డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు నా గదికీ తీసుకొచ్చారు. తనూ ఊదుతానని పేచీ పెట్టి, బుగ్గలు పూరించి ఊదింది. దమ్మున్న పిల్లే, తెనాలి అర్థంలో కూడా.

ఈ కేసు నాకు నేర్పింది వృత్తికి సంబంధించిన ఒక చిన్న విషయం. మీటరు పొగ ఉందని చెబుతుంది, అది ఎక్కడిదో చెప్పదు. ఆ తర్వాత ఎర్ర దీపం వెలిగిన ప్రతిసారీ, ఎన్ని తాగారని అడగకముందు, ఇంట్లో ఏం కాలుస్తారని అడిగాను. మనవాళ్ళు సాంబ్రాణి అన్నారు, అరబ్బులు తమ ధూపం బఖూర్ అన్నారు, కొందరు ఏమీ లేదని తల దించుకున్నారు. తల దించుకున్నవాళ్ళను కూడా వెంటనే నమ్మకపోవడం, వెంటనే అనుమానించకపోవడం అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ అలవాటు మానలేదు.